మామూలు ఎండోస్కోపీకి అందని చోట రక్తస్రావం: నా అనుభవం

పిత్తనాళం ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు నాకు పేగులో రక్తస్రావం మొదలైంది. పొట్ట మళ్ళీ తెరవాల్సిన అవసరం లేకుండా, నోటి ద్వారా పంపిన కెమెరా గొట్టంతో, అంటే ఎండోస్కోప్‌తోనే దాన్ని ఆపగలిగారు. ఆ మధ్యలో జరిగింది వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఆపరేషన్ చేయించుకోబోతున్న వాళ్ళకీ, చేయించుకుని ఆస్పత్రిలో ఉన్న వాళ్ళకీ, వాళ్ళ పక్కన కూర్చున్న ఇంటివాళ్ళకీ ఇది తెలిసి ఉండాలి. రక్తం పోతోందన్న సంగతి కన్నా, అది ఎక్కడి నుంచి పోతోందో తెలియని గంటలే మమ్మల్ని ఎక్కువ భయపెట్టాయి.

ముందు ఆపరేషన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కాలేయంలో తయారయ్యే పిత్తరసాన్ని చిన్నపేగులోకి తెచ్చే నాళం నాకు పుట్టుకతోనే ఒకచోట ఉబ్బి, తిత్తిగా మారి ఉంది. చాలామందికి ఇది చిన్నతనంలోనే బయటపడుతుందట. నాకు మాత్రం పెద్దయ్యాక, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, కళ్ళలో కాస్త పచ్చదనం కనిపించాక, పిత్తనాళాలను చూపే ఎమ్మారై రకమైన ఎంఆర్‌సీపీ స్కాన్‌లో తెలిసింది. వదిలేస్తే రాళ్ళు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, ఆ తిత్తిలో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. అందుకే ఉబ్బిన నాళాన్నీ, గాల్‌బ్లాడర్‌నీ తీసేసి, పిత్తరసానికి కొత్త దారి వేశారు.

ఆ కొత్త దారి ఎలా ఉంటుందో తెలియకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. జీర్ణాశయం, దాని తర్వాత వచ్చే డియోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) దాటాక చిన్నపేగును ఒకచోట తెగ్గోస్తారు. తెగిన రెండు కొనల్లో కింది దాన్ని పైకి లాగి, కాలేయం దగ్గర మిగిలిన పిత్తనాళానికి కుడతారు. ఇది పై అతుకు. పైకి లాగిన ఈ పేగు ముక్క సాధారణంగా 40 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. తెగిన రెండో కొనను, అంటే జీర్ణాశయం వైపు నుంచి వచ్చేదాన్ని, ఆ ముక్క కింది భాగంలో పక్కనుంచి కలుపుతారు. ఇది కింది అతుకు. పై నుంచి పిత్తరసం ఒక దారిలో, తిన్న ఆహారం ఇంకో దారిలో దిగి, కింది అతుకు దగ్గర కలుసుకుని ఒకటిగా ముందుకు పోతాయి. ఇంగ్లీషు 'వై' అక్షరం ఆకారంలో ఉండే ఈ అమరికకు సీజర్ రూ అనే స్విస్ సర్జన్ పేరు మీద 'రూ-ఎన్-వై' అని పేరు వచ్చింది. నా డిశ్చార్జ్ కాగితాల్లో కూడా అదే మాట ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవం రోజురోజుకూ తగ్గింది. నడిపించారు, కొద్దికొద్దిగా నీళ్ళు, ఆ తర్వాత పల్చటి ఆహారం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయి వారం తిరిగే సమయానికి ఇంటికి పంపే మాట కూడా వచ్చింది.

ఆ రోజే తెల్లవారుజామున విరేచనం నల్లగా, జిగటగా అయింది. అంతకు ముందెప్పుడూ ఎరగని ఒక ఘాటు వాసన. నొప్పి లేదు. తోడుగా ఉన్న మా అక్క ఫ్లష్ చేయబోతుంటే వద్దని చెప్పి, నర్సును పిలిపించాను. ఆమె ఒక్కసారి చూసి, "ఐరన్ మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారామ్మా?" అని అడిగింది. లేదన్నాను. వెంటనే బీపీ, పల్స్ చూసి, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ నర్సు "చూద్దాం లెండి, తెల్లవారనివ్వండి" అని వెళ్ళిపోలేదు. ఆమెకు నేను ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

మలం అలా నల్లబడటానికి కారణం, పేగు పైభాగంలో కారిన రక్తం కిందికి వచ్చేలోపు పేగులోనే జీర్ణమై రంగు మారడం. మాకు అంతుపట్టనిది ఒకటే: డ్రెయిన్ గొట్టం శుభ్రంగా ఉంది కదా, అందులో చుక్క రక్తం లేదు కదా? డాక్టరు చెబితే అర్థమైంది. డ్రెయిన్ ఉండేది పేగు బయట, పొట్ట ఖాళీలో. పేగు లోపల కారే రక్తం ఆ గొట్టంలోకి రాదు. కాబట్టి డ్రెయిన్ శుభ్రంగా ఉందని ధైర్యంగా ఉండటానికి వీల్లేదు. ఈ ఒక్క విషయం ఆపరేషన్‌కు ముందే రోగులందరికీ చెప్పాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అప్పుడు నా బీపీ మామూలుగానే ఉంది. పల్స్ మాత్రం 110 దాటింది. రక్తం పోతున్నప్పుడు గుండె ముందు వేగం పెంచి సర్దుకుంటుందట, బీపీ పడిపోయేది ఆ తర్వాత. హిమోగ్లోబిన్ కూడా మొదటి పరీక్షలో పెద్దగా తగ్గలేదు. పోయిన రక్తం స్థానంలోకి ఒంట్లోని నీరు చేరి, మిగిలిన రక్తం పల్చబడటానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, మొదటి రిపోర్టు బాగుందని నమ్మడానికి లేదని డ్యూటీ డాక్టరు మా ఆయనకు విడమరిచి చెప్పారు. సాయంత్రానికి అదే నిజమైంది. 11 దగ్గర ఉన్న హిమోగ్లోబిన్ 7 కిందికి వచ్చింది. లేచి కూర్చుంటే కళ్ళు తిరిగాయి. నన్ను ఐసీయూకు మార్చారు.

అక్కడ చాలా పనులు ఒకేసారి జరిగాయి. రెండు చేతులకూ లావు సూదులు పెట్టారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఆపరేషన్ నాటి నుంచి ఇస్తున్న హెపారిన్ ఇంజెక్షన్ ఆపేశారు. కడుపులో యాసిడ్ తగ్గించే మందు సెలైన్‌లో ఎక్కించారు. రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష పంపారు. పిత్తరసం సరిగా పేగులోకి రాకపోతే కొవ్వులో కరిగే విటమిన్ కె ఒంటికి పట్టదు, అది లేకపోతే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. కామెర్లు ఉన్నవాళ్ళకు ఆపరేషన్‌కు ముందు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చేది ఇందుకేనట. నా పరీక్ష మామూలుగానే వచ్చింది కాబట్టి తప్పు రక్తంలో లేదని, ఎక్కడో ఒక రక్తనాళమే తెరుచుకుందని తేలింది. రక్తం ఎక్కించేటప్పుడు ఇద్దరు నర్సులు నా పేరు, గ్రూపు, సంచి మీది నంబరు పైకి చదివి సరిచూసుకున్నారు. మొదటి 15 నిమిషాలు ఒకరు నా పక్కనే నిలబడ్డారు.

రాత్రి సర్జన్ వచ్చి మంచం పక్కన కూర్చుని మాట్లాడారు. ఆయన చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తుంది. దాపరికం లేదు, తొందర లేదు. "ఇప్పుడు మనం అనుమానించాల్సినవి నాలుగు ఉన్నాయి. జీర్ణాశయంలోనో డియోడినమ్‌లోనో పుండు పడి ఉండొచ్చు. కింది అతుకు అంచు నుంచి కారుతుండొచ్చు. పై అతుకు నుంచి కారుతుండొచ్చు. నాలుగోది, కాలేయానికి వెళ్ళే ధమని గోడ దెబ్బతిని, అక్కడ రక్తం బుడగ కట్టి, అది పేగులోకి తెరుచుకుని ఉండొచ్చు. మొదటి మూడూ కెమెరాతో చూసేవి. నాలుగోది కెమెరాకు కనపడదు, కానీ అన్నిటికన్నా ప్రమాదం అదే. అందుకని ముందు దాన్ని తేల్చుకుందాం."

ఆ ధమని బుడగను సూడోఎన్యూరిజం అంటారు. పిత్తనాళం, క్లోమం ఆపరేషన్ల తర్వాత కొన్ని రోజులకో వారాలకో వచ్చే రక్తస్రావాల్లో అది ముఖ్యమైన కారణం. పెద్దగా పగిలే ముందు కొంచెం రక్తం కారి, దానంతటదే ఆగి, అంతా సర్దుకున్నట్టు అనిపించడం దాని తీరు. అందుకే ఆపరేషన్ తర్వాత కనిపించే మొదటి చిన్న రక్తస్రావాన్ని సర్జన్లు హెచ్చరికగా తీసుకుంటారు. అది ఉంటే చికిత్స వేరు. తొడ దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టం పంపి, లోపల తీగచుట్టలు పెట్టి ఆ చోటును మూసేస్తారు. ఎండోస్కోపీతో పని కాదు.

ధమనులను చూపే సీటీ యాంజియోగ్రామ్ స్కాన్ చేశారు. ధమనులన్నీ బాగున్నాయి, బుడగ లేదు. రక్తం కారుతున్న చోటు కూడా ఏదీ కనిపించలేదు. స్కాన్ తీసిన ఆ కొద్ది నిమిషాల్లో రక్తం కారుతుంటేనే అది దొరుకుతుంది. నాది ఆగి ఆగి కారుతోంది.

వెంటనే మామూలు ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయం శుభ్రం. డియోడినమ్ శుభ్రం. పుండు లేదు, పాత రక్తం కూడా లేదు. రిపోర్టు చివర 'నార్మల్' అని రాసి ఉంది. మా అక్క ఆ మాట చూసి ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ రాత్రి నాకు మళ్ళీ నల్లటి విరేచనం అయింది, ఈసారి మధ్యలో ముదురు ఎరుపు కూడా ఉంది. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోతోందన్న దిగులు మా ఆయన మొహంలో కనిపించింది. అన్నీ నార్మల్ అంటున్నారు, రక్తం మాత్రం ఆగట్లేదు. ఆ టెన్షన్ మాటల్లో పెట్టలేను.

పొద్దున గ్యాస్ట్రోఎంటరాలజిస్టు వచ్చి ఒక కాగితం మీద బొమ్మ గీశారు. జీర్ణాశయం, డియోడినమ్, కింది అతుకు, పైకి వెళ్ళే ముక్క, పై అతుకు. నిన్నటి ఎండోస్కోప్ ఎక్కడిదాకా వెళ్ళిందో అక్కడ ఒక గీత కొట్టారు. గీత డియోడినమ్ దగ్గర ఆగిపోయింది. రెండు అతుకులూ ఆ గీతకు అవతలే ఉన్నాయి. నార్మల్ అన్నది గీతకు ఇవతలి భాగం మాత్రమే! ఆపరేషన్ లేని మనిషిలో పిత్తనాళం తెరుచుకునేది డియోడినమ్‌లోనే కాబట్టి మామూలు ఎండోస్కోప్ అక్కడిదాకా వెళ్తే చాలు. నాకు దారి మార్చారు. ఇప్పుడు నా డియోడినమ్‌లోకి పిత్తరసమే రాదు. పై అతుకును చూడాలంటే కింది అతుకు దాకా దిగి, అక్కడ మలుపు తిరిగి, పైకి లాగిన ముక్క పొడవునా ఎక్కాలి. ఆ బొమ్మ చూశాక నాకు చాలా భయం పోయింది. పరీక్షలు విఫలమయ్యాయని అప్పటిదాకా అనుకున్నాం. నిజానికి అవి ఒక్కొక్క చోటునూ కొట్టేస్తూ వచ్చాయి.

అంతదూరం వెళ్ళడానికి వాడేది బెలూన్ ఎంటరోస్కోప్. దాని పొడవు దాదాపు 2 మీటర్లు. పొడవు ఒక్కటే ఉంటే సరిపోదు, ఎందుకంటే చిన్నపేగు మెలికలు తిరిగి, వదులుగా ఉంటుంది. నెట్టేకొద్దీ అది సాగిపోతుందే తప్ప గొట్టం ముందుకు పోదు. దానికి పరిష్కారంగా గొట్టం మీద ఇంకో తొడుగు గొట్టం, దాని కొసన ఒక బెలూన్ ఉంటాయి. బెలూన్ ఉబ్బించి పేగును లోపలి నుంచి పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి లాగుతారు. పైజామాలో నాడా ఎక్కించేటప్పుడు బట్ట కుచ్చిళ్ళుగా దగ్గరికి వచ్చినట్టు పేగు ఆ తొడుగు మీదికి ముడుచుకుంటుంది. మళ్ళీ లోపలి గొట్టాన్ని ముందుకు పంపుతారు. ఇలా నెడుతూ, పడుతూ, లాగుతూ పోతారు. రెండు బెలూన్ల పద్ధతిని జపాన్ వైద్యుడు హిరోనోరి యమమోటో బృందం 2001లో ప్రచురించింది. ఒక బెలూన్ రకం తర్వాత వచ్చింది. నాకు వాడింది ఒక బెలూన్ రకం.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు ప్రమాదాలు చెప్పారు. పేగుకు చిల్లు పడొచ్చు. నోటి వైపు నుంచి బెలూన్ ఎంటరోస్కోపీ చేసినప్పుడు కొందరికి క్లోమం వాపు రావొచ్చు. ఆగిన రక్తం మళ్ళీ మొదలవ్వొచ్చు. నా విషయంలో ఇంకొక అదనపు భయం ఏమిటంటే కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గాలి ఎక్కువ ఊదినా, బెలూన్ అతుకు మీద ఉబ్బినా అవి విడిపోవచ్చు. అందుకని గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతామని, అది పేగు గోడల నుంచి త్వరగా పీల్చుకుపోతుంది కాబట్టి ఒత్తిడి నిలవదని చెప్పారు. సర్జన్ కూడా గదిలోనే ఉంటారన్నారు. దీంతో ఆగకపోతే రేడియాలజీ వాళ్ళు ధమని ద్వారా ప్రయత్నిస్తారు, అదీ కాకపోతే ఆపరేషన్. కొత్త కుట్ల మధ్య మళ్ళీ పొట్ట తెరవడం ఎంత కష్టమో సర్జన్ ముందే చెప్పి ఉన్నారు. నేను సంతకం పెట్టాను.

పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం వేశారు. కడుపులో రక్తం ఉన్నప్పుడు అది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఇది రక్షణ. ఆ తర్వాత నాకేమీ తెలియదు. లోపల జరిగింది డాక్టరు గారు తర్వాత వీడియో చూపించి వివరించినదే.

డియోడినమ్ దాటిన కాసేపటికే పేగు గోడల మీద ముదురు రక్తం కనిపించడం మొదలైంది. కింది అతుకు దగ్గర, కుట్ల వరుస మీద, ఒక రక్తపు గడ్డ అంటుకుని ఉంది. నీటిని సన్నగా చిమ్మి గడ్డను కడిగారు. అది ఊడగానే దాని అడుగున ఒక సన్నని రక్తనాళం నుంచి రక్తం ఉబికింది. నేను చూసిన వీడియోలో ఆ క్షణం స్పష్టంగా ఉంది. మామూలు ఎండోస్కోపీ, సీటీ స్కాన్, ఎన్నో రక్తపరీక్షలు వెతికింది మిల్లీమీటర్ల మందం కూడా సరిగా లేని ఆ చోటు కోసం.

ముందు దాని చుట్టూ అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. 10,000 పాళ్ళకు ఒక పాలు చొప్పున పల్చబరిచిన మందు అది. చుట్టూ కణజాలం తెల్లబడి ఉబ్బింది, రక్తం ధార తగ్గింది. కానీ అడ్రినలిన్ ప్రభావం కాసేపే. అది ఒక్కటే ఇచ్చి వదిలేస్తే మళ్ళీ కారే అవకాశం ఎక్కువ కాబట్టి దాంతోపాటు ఇంకో పద్ధతి తప్పనిసరి. వేడితో కాల్చి మూసే పద్ధతి ఉంది కానీ పచ్చి కుట్ల మీద వేడి పెడితే అతుకు దెబ్బతిని చిల్లు పడొచ్చని దాని జోలికి పోలేదు. లోహపు క్లిప్పులు ఎంచుకున్నారు. రెండు చిన్న దవడలున్న క్లిప్పును గొట్టం లోపలి నుంచి పంపి, రక్తనాళాన్ని రెండు వైపుల నుంచి పట్టి బిగించి వదిలేస్తారు. మొదటి క్లిప్పు కాస్త పక్కకు పడింది. రెండోది సరిగ్గా నాళాన్ని పట్టుకుంది. రక్తం ఆగిపోయింది. పక్కనే భద్రంగా ఇంకొకటి వేశారు. ఆ తర్వాత అదే చోట నీళ్ళు చిమ్ముతూ కాసేపు వేచి చూశారు.

అక్కడితో వెనక్కి రాలేదు. పైకి లాగిన ముక్కలోకి మెల్లగా తిప్పి, పై అతుకు దూరంగా కనిపించేంత వరకు ఎక్కించి చూశారు. అక్కడి నుంచి వస్తున్న పిత్తరసం పసుపుగా, శుభ్రంగా ఉంది. కాలేయం వైపు నుంచి రక్తం వస్తుంటే పిత్తరసంలో కలిసి కనిపించేది. పై అతుకు మీద ఒత్తిడి పడకుండా అక్కడే ఆగి, గొట్టం బయటికి తీశారు.

మెలకువ వచ్చాక గొంతు మంట, కడుపు ఉబ్బరం తప్ప పెద్ద బాధ లేదు. కడుపునొప్పి పెరుగుతోందా అని పదేపదే అడిగారు, క్లోమం పరీక్ష కూడా చేశారు. ఆరేసి గంటలకోసారి హిమోగ్లోబిన్ చూశారు. ఒక రోజంతా నోటికి ఏమీ ఇవ్వలేదు.

తర్వాత రెండు మూడు రోజుల దాకా విరేచనం నల్లగానే వచ్చింది. మా అక్క ప్రతిసారీ హడలిపోయేది. పేగులో ముందే చేరిన పాత రక్తం బయటికి రావడానికి సమయం పడుతుందని, రంగు కన్నా పల్స్, బీపీ, హిమోగ్లోబిన్ చూడాలని డాక్టర్లు చెప్పారు. పల్స్ 80కి వచ్చి అక్కడే నిలబడింది. ఎర్రటి రక్తం కనిపించినా, లేచినప్పుడు కళ్ళు తిరిగినా, చెమటలు పట్టినా మాత్రం ఎవరినీ అడగకుండా బెల్ నొక్కమన్నారు. ఆ అవసరం రాలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఐరన్ మాత్రలు ఇచ్చారు. వాటితో కూడా మలం నల్లబడుతుంది. తేడా ఎలా తెలుసుకోవాలని అడిగాను. ఐరన్ వల్ల వచ్చే నలుపు కాస్త పచ్చ ఛాయతో, గట్టిగా ఉంటుంది, జిగట, ఆ ఘాటు వాసన ఉండవు. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించడమే దారి. నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టరును అడగకుండా వేసుకోవద్దన్నారు. అవి పుండ్లు, రక్తస్రావం తెచ్చిపెడతాయి.

క్లిప్పుల గురించి చాలామంది అడుగుతుంటారు. వాటిని తీయడానికి మళ్ళీ వెళ్ళక్కర్లేదు. గాయం మానాక కొన్ని వారాల్లో వాటంతటవే ఊడి మలంలో పోతాయి, కొన్ని ఎక్కువ కాలం ఉండిపోవచ్చు. అయితే ఎమ్మారై తీయించాల్సి వస్తే క్లిప్పులు పెట్టిన సంగతి ముందే చెప్పాలి. కొన్ని రకాల క్లిప్పులు ఆ యంత్రానికి సరిపడవు. పిత్తనాళం ఆపరేషన్ అయినవాళ్ళకు తర్వాత ఎంఆర్‌సీపీ చేయించే అవసరం తరచూ వస్తుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. నాకు తర్వాత ఆ స్కాన్ కావాల్సి వచ్చినప్పుడు ముందు ఒక ఎక్స్‌రే తీసి, లోపల ఏవీ మిగల్లేదని చూసుకున్నాకే తీశారు.

డాక్టరు గీసిన బొమ్మను, ఆపరేషన్ నోట్సును, ఎంటరోస్కోపీ రిపోర్టును ఒకే ఫైల్లో పెట్టి, వాటి ఫొటోలు మా ఆయన ఫోన్లోనూ అక్క ఫోన్లోనూ ఉంచాం. పై అతుకు ఎప్పటికైనా సన్నబడితే చలిజ్వరం, కామెర్లు వస్తాయని, అప్పుడు కూడా మామూలు గొట్టంతో అక్కడికి చేరడం కుదరదని చెప్పారు. నన్ను మొదటిసారి చూసే డాక్టరుకు అన్నిటికన్నా ముందు చూపించాల్సింది ఆ బొమ్మే. ప్రస్తుతానికి లివర్ పరీక్షలు మామూలుగా ఉన్నాయి, హిమోగ్లోబిన్ 12 దాటింది, ఐరన్ మాత్రలు ఆపేశారు.